వెనక చెయ్యి

రేవు,
లాంచీ షెడ్డు మీది గది

అక్కా,

నీ తమ్ముడు ఇప్పుడు లాంచీ నడిపే సరంగు కాడు. వంతెన తెరిచారు. రిబ్బను కత్తిరించిన సాయంత్రమే మన లాంచీని రేవు పక్కన కట్టేశాం. తర్వాత దాన్ని ఎవరూ విప్పలేదు, కొంటామని కూడా ఎవరూ రాలేదు. ఇన్నేళ్ళూ ఏటిమొగకి ఈ దరి నుంచి ఆ దరికి నేను చేరవేసిన మనుషులే ఇప్పుడు వంతెన మీంచి నాకు చెయ్యి ఊపి పోతున్నారు. ఊపకుండా పోయేవాళ్ళ మీదే నాకు కోపం తక్కువ.

లాంచీ ఓనరు గారి అమ్మాయి, మనం చిన్న ఓనరు అంటామే, ఆ పిల్ల రేవులో కొత్త బడి పెట్టింది. వింగ్ ఫాయిలింగ్ అట. నీకు అర్థమయ్యేలా చెప్తాను. మనిషి నిలబడేంత బోర్డు ఒకటి. దాని పొట్ట కింద నిలువుగా ఒక కడ్డీ, కడ్డీ చివర చిన్న విమానానికి ఉన్నట్టు రెక్కలు. దాన్ని ఫాయిల్ అంటారు. చేతుల్లో ఇంకో పెద్ద రెక్క, గాలి నింపిన గుడ్డది, పట్టుకోవడానికి పిడులు ఉంటాయి. అది వింగ్. అందులో గాలి పడితే బోర్డు పరుగెడుతుంది. పరుగు చాలినంత అందుకుంటే కిందున్న ఫాయిల్ బోర్డుని నీళ్ళ పైకి లేపుతుంది, మనిషి గాల్లో పోతాడు. ఇదంతా వాళ్ళు చెప్పింది. నేను చూసింది మాత్రం ఇసకే, అదీ బోర్లా పడి. మొదటిరోజు ఒడ్డునే వింగ్ పట్టుకుని నడవమన్నారు. అది నన్ను ఈడ్చుకెళ్ళి కంచెకి అప్పజెప్పింది.

గాలికాలం మొదలయ్యేలోపు నేర్చుకుని పరీక్ష నెగ్గితే, కొత్తవాళ్ళకి నేర్పే పని నాకే ఇస్తానంది చిన్న ఓనరు. పనితో పాటు ఈ గది కూడా. లేకపోతే బయటినుంచి వచ్చే మాస్టారుకి గది కావాలి కదా. ఆ పిల్ల చెడ్డది కాదక్కా, ముఖం చూడలేక నేల చూస్తూ చెప్పింది.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. బావ ఎత్తి, పడుకుందంటాడు. మిట్టమధ్యాహ్నం నువ్వు పడుకోవడం నేను పుట్టాక చూడలేదు. అందుకే ఆసుపత్రి అడ్రసుకి రాస్తున్నాను.

కంచె గీతలు ఒంటి మీద ఇంకా మానని
నీ తమ్ముడు


ఆసుపత్రి లాండ్రీ,
ఇస్త్రీ గది

చిన్నోడా,

నీ ఉత్తరం దుప్పట్ల కట్టల మధ్య నించుని చదివి నవ్వాను. మడతలు పెట్టే ఆవిడ ఏమైందని అడిగితే, మా తమ్ముడు కంచెని కావిలించుకున్నాడని చెప్పాను. ఎన్నాళ్ళయిందో నువ్వు నవ్వి, అంది. నేను లెక్క పెట్టుకోలేదు.

ఇకనుంచి ఇక్కడికే రాయి. ఇంటికి రాయకు, ఫోనూ చెయ్యకు. ఫోన్ మీ బావ దగ్గర ఉంటోంది. తన షాపు మూతపడ్డాక ఆయనకి ఏమీ తోచక అన్నీ తనే చూసుకుంటున్నారు. ఎవరు చేశారు, ఏం మాట్లాడావు, ఆసుపత్రి నుంచి ఇంటికి ఇంతసేపు ఎందుకు పట్టింది, ఇలాంటివి. తోచక అడుగుతారులే.

నువ్వు భయపడకు. ఆ రెక్క నిన్ను లాగితే నువ్వూ దాన్ని లాగు. గట్టిగా పట్టుకో. తుఫాను రోజు చక్రం వదలకుండా బడిపిల్లలందరినీ దరి చేర్చినవాడివి, నీకు ఒక గుడ్డ రెక్క ఏం లెక్క? మనింట్లో పట్టుకున్నది వదలడం ఎవరికి చేతనయింది గనక.

ఆ గది ఎంత ఉంటుంది? కిటికీ ఎటు ఉంది? తలుపుకి లోపలి నుంచి గడియ ఉందా? ఊరికే అడిగాను.

అక్క


రేవు,
గది, కిటికీ నీళ్ళ వైపు

అక్కా,

నీ సలహా పాటించాను. గట్టిగా పట్టుకున్నాను. అందుకు ఏటిమొగలో ఉప్పునీళ్ళు సగం నా కడుపులో ఉన్నాయి.

ఇప్పుడు నీళ్ళలోకి దింపారు. తలకి హెల్మెట్, ఒంటికి లైఫ్ జాకెట్, కాలికి బోర్డు తాడు, మణికట్టుకి వింగ్ తాడు. నన్ను చూసి మా పాత ప్రయాణికులు వంతెన మీద బళ్ళు ఆపుకుంటున్నారు. ముందు బోర్డు మీద మోకాళ్ళ మీద కూర్చోవాలి, తర్వాత ఒక్కో పాదం పెట్టి లేవాలి. లేచేసరికి బోర్డు పక్కకి ఒరుగుతుంది. పడేటప్పుడు ఫాయిల్ మీద పడకుండా దూరంగా పడాలి, అదొక్కటి నాకు బాగా వచ్చింది. పడి, గాలి తోసినంత దూరం కొట్టుకుపోయి, బోర్డు నెత్తిన పెట్టుకుని బురదలో నడుచుకుంటూ మళ్ళీ మొదటికి రావడం. నాతో చేరిన పళ్ళ డాక్టరు, బ్యాంకులో పనిచేసే అమ్మాయి అప్పుడే ఎగురుతున్నారు. ఆ డాక్టరు నా పక్కనుంచి పోతూ బాగా చేస్తున్నారండీ అంటాడు. వాడి దగ్గర జన్మలో పన్ను పీకించుకోను.

నా రోగం ఏమిటో చిన్న ఓనరు కనిపెట్టింది. వింగ్ పట్టుకునే రెండు చేతుల్లో ముందు చెయ్యి దాన్ని మోస్తుంది, వెనక చెయ్యి దగ్గరికి లాక్కుని గాలి పట్టిస్తుంది. పెద్ద గాలి వస్తే వెనక చెయ్యి వదిలెయ్యాలి. వదిలితే అంత రెక్కా ఆరేసిన గుడ్డలా రెపరెపలాడి ఊరుకుంటుంది, దానికి బలం ఉండదు. నేను వదలడం లేదు. ఊపు వస్తే బిగించడం ఒక్కటే ఈ చేతులకి తెలుసు. లాంచీలో అలా బిగించినందుకే కదా అందరూ బతికారు. ఇక్కడ బిగిస్తే గాలి నన్ను బోర్డు మీంచి పీకి విసిరేస్తోంది.

గది ఇద్దరికి ఇరుకు, ఒకడికి వెలితి. గడియ ఉంది గానీ పడదు. లాంచీ తాడుతో తలుపు కట్టుకుంటున్నాను. దొంగలొస్తే నా తడి నిక్కర్లే పట్టుకుపోవాలి. గడియ సంగతి నీకెందుకు?

తమ్ముడు


ఇస్త్రీ గది

చిన్నోడా,

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి మణికట్టుకి కట్టు కట్టారు. మెట్ల మీద జారాను, అంతే. ఆసుపత్రిలోనే పని కనక కట్టు కట్టించుకోవడం తేలిక. దుప్పట్లు ఇస్త్రీ రోలరులో పెట్టే పని మడతలావిడ చేస్తోంది, నేను ఒక చేత్తో దిండు గలీబులు చూస్తున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు పొడుగ్గా రాస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. చిన్నప్పుడు కూడా అంతే, నిజమైతే ఊరంతా తిప్పి తిప్పి చెప్పేవాడివి, అమ్మ కేకలేసినా ఆపేవాడివి కాదు.

గడియ వేయించు. పెద్దది, ఇనపది. ఇరుకైనా ఇద్దరు పడుకోగలరా అని ఒకసారి కొలిచి చూడు. నువ్వు పడుకునే చోటు తీసేసి చూడు, కిటికీ కింద ఎంత మిగులుతుందో. నాకు పెద్ద చోటు అక్కర్లేదు.

పరీక్ష ఎప్పుడో రాయి.

అక్క


రేవు

అక్కా,

మీరుండేది కింది వాటా. మీ ఇంటికి మెట్లు లేవు.

ఉత్తరం అందిన దగ్గర్నుంచి ఆ ఒక్క మాటే నా బుర్రలో తిరుగుతోంది. నువ్వు గది అడిగావు, గడియ అడిగావు, నేను నిక్కర్ల మీద జోకులు వేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇప్పుడు జోకులు లేవు. బావ కొడుతున్నాడా? అవునో కాదో రాయి. చాలు.

గడియ వేయించాను. ఇనపదే. లోపల వేసి చూశాను, నేను భుజంతో గుద్దినా కదల్లేదు. కిటికీ కింద నువ్వు కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటుంది. నా మంచం బయట మెట్ల పక్కన వేసుకుంటాను.

ఇవాళ చిన్న ఓనరు నన్ను మళ్ళీ ఇసకలో నిలబెట్టింది. గాలి బాగా కొడుతోంది. వెనక చెయ్యి వదలమంది. ఇసకలో కాబట్టి వదిలాను. నన్ను కంచెకి కొట్టిన అదే రెక్క, ముందు చేతిలో వేళ్ళాడుతూ పిల్లాడి గాలిపటంలా ఊగింది. దాని బలమంతా మీరు లాగుతుంటేనే మామయ్యా, అంది ఆ పిల్ల. ఇంత సుళువా అనిపించింది. నీళ్ళలోకి వెళ్ళగానే మళ్ళీ చేతులు బిగుసుకున్నాయి. అవి నా మాట వినడం లేదు.

అయినా నేర్చుకుంటాను. నువ్వు వచ్చెయ్. రేపే వచ్చెయ్.

తమ్ముడు


ఇస్త్రీ గది

చిన్నోడా,

అవును.

రాశాను. ఇంతకాలం ఎవరితోనూ అనలేదు. మడతలావిడ అడక్కుండానే గ్రహించింది, నేను తలాడించాను.

మొదట మాటలు. తర్వాత ఫోన్. తర్వాత తను బయటికి పోతే తలుపుకి బయట తాళం. ఆ తర్వాత చెయ్యి లేచింది. పనికి మాత్రం పంపుతున్నాడు, జీతం ఇంటికి రావాలి కనక. ఈ గదిలో ఆవిరి, చెమట, రోలరు మోత, అయినా నాకు ఇక్కడే ఊపిరి ఆడుతుంది. పని దిగే వేళ అయ్యేసరికి ఇంకో కట్ట మిగిలిందేమోనని వెతుక్కుంటాను చిన్నోడా. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అలాగే ఉంది.

రేపే వచ్చెయ్ అన్నావు. నీకు తెలియని సంగతి ఒకటుంది. పోయిన ఏడు నేను ఒకసారి వెళ్ళిపోయాను, పిన్నమ్మ దగ్గరికి. పిన్నమ్మ మంచిదే, కడుపునిండా పెట్టింది. కానీ వాళ్ళింట్లో చోటు లేదు. కొన్నాళ్ళకి తనే అతనికి ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్ళు నాయనా అంది. అతను పిన్నమ్మ ముందు నా సంచీ మోశాడు, నవ్వాడు. ఇంటికొచ్చి తలుపు వేశాక ఏం జరిగిందో రాయను. ఇంకోసారి వెళ్ళి తిరిగొస్తే ఈ ఉత్తరాలు రాయడానికి నేనుండను. ఇది బెదిరింపు కాదు, నాకు తెలిసింది చెప్తున్నాను.

అందుకే నీ గది నీదే అని తేలాక కదులుతాను. నువ్వు పరీక్ష నెగ్గానని రాసిన రోజు బయల్దేరతాను. నీ మీద ఇంత బరువు పెట్టడం తప్పే. కానీ పెట్టడానికి నాకు నువ్వు తప్ప ఇంకెవరున్నారు?

అక్క


రేవు,
కట్టేసిన లాంచీలోంచి

అక్కా,

ఈ ఉత్తరం చక్రం ముందు కూర్చుని రాస్తున్నాను. రోజూ ఇక్కడికే వస్తున్నాను. ఎందుకో చెప్తే పిచ్చివాడంటావు. చక్రం రెండు చేతులా పట్టుకుని, గాలి వచ్చింది అని నాకు నేనే చెప్పుకుని, ఒక చెయ్యి వదలడం అభ్యాసం చేస్తున్నాను. వదిలిన చెయ్యి దానంతటదే మళ్ళీ వెళ్ళి పట్టుకుంటోంది. దాన్ని నా తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు భుజం లాగుతోంది.

నిన్న ఎగిరానక్కా. నిజం. కాళ్ళు సర్దుకుని, పాదాలకేసి చూడకుండా ఆ దరిన ఉన్న పాత టికెట్ల గుడిసెకేసి చూశాను, ఇన్నేళ్ళూ లాంచీ నడుపుతూ చూసిన గుడిసే. వింగ్ లో గాలి పడింది. బోర్డు గబగబా కొట్టుకుంటూ పరుగెత్తి, ఉన్నట్టుండి ఆ చప్పుడంతా ఆగిపోయింది. కిందికి చూస్తే నీళ్ళు దూరంగా ఉన్నాయి. ఏడుపొచ్చింది. అక్క వచ్చేస్తుంది, అనుకున్నాను. అంతలో వంతెన కిందనుంచి పెద్ద గాలి. ఒడ్డున చిన్న ఓనరు వెనక చెయ్యి అని అరుస్తూనే ఉంది. నాకు వినపడింది. అర్థమయింది. చెయ్యి బిగించాను. లేచి బోర్డుకి అవతల పడ్డాను, ఫాయిల్ అంచు తగిలి పిక్క చీరుకుపోయింది. కుట్లు పడ్డాయి.

ఆ పిల్ల నా పక్కన రేవు మీద కూర్చుని అంది:

"సరంగు మామయ్యా, మీకు కాళ్ళు కుదిరాయి, చూపు కుదిరింది. కానీ వెనక చెయ్యి వదలని మనిషికి రేపు పిల్లల్ని ఎలా అప్పగించను?"

ఆ పిల్ల అన్నదే నిజం. నేను వాళ్ళకి ఏం నేర్పుతాను, గట్టిగా పట్టుకోండి అనా? నీ సంగతి ఆ పిల్లకి చెప్పేద్దామనుకున్నాను, జాలిపడి గది ఇస్తుందేమోనని. నోరు రాలేదు. నీ బాధ పెట్టి గది అడుక్కోవడానికి మనసొప్పలేదు.

పరీక్ష ఈ శనివారం. కుట్ల మీద ప్లాస్టిక్ కవరు చుట్టుకుని దిగుతాను. అక్కా, నువ్వు దీనికోసం ఆగకు. గది లేకపోతే లేకపోయింది, ఎక్కడో ఒకచోట ఉందాం. ఆగకుండా వచ్చెయ్.

తమ్ముడు


ఇస్త్రీ గది

చిన్నోడా,

ఒకటో తారీఖు నుంచి పనికి వెళ్ళొద్దన్నాడు. మణికట్టు గురించి ఇక్కడ ఎవరో అతన్ని అడిగారట. ఇక నా జీతం కూడా అక్కర్లేదట, ఇంట్లో కూర్చోమన్నాడు. ఆ తర్వాత నీ ఉత్తరాలు వచ్చినా అందుకోవడానికి నేను ఇక్కడ ఉండను.

ఎక్కడో ఒకచోట అని రాశావు. పిన్నమ్మ ఇల్లు కూడా ఎక్కడో ఒకచోటే. నాకు భయంగా ఉందిరా. చాలా భయంగా ఉంది.

పిక్క తడవనివ్వకు. శనివారం నెగ్గు. ఎలా నెగ్గావో పొడుగ్గా రాయి, బస్సులో చదువుకుంటాను.

అక్క


రేవు

అక్కా,

పరీక్ష నెగ్గాను. గది మనదే. వెంటనే బయల్దేరు. రోజూ సాయంత్రం బస్సుకి బస్టాపులో ఉంటాను.

తమ్ముడు


బస్టాండు,
చివరి బెంచీ

చిన్నోడా,

ఇది పోస్టు చెయ్యను. బస్సు దిగగానే నీ చేతిలో పెడతాను. పూర్తిగా చదివాకే నోరు తెరు. అప్పుడు నీకు ఇంకో అబద్ధం ఆడే అవస్థ తప్పుతుంది.

నువ్వు నెగ్గలేదు. ఒక్కసారి ఎగిరి కిందపడ్డందుకే ఒక నిండు ఉత్తరం రాసినవాడివి, నిజంగా నెగ్గితే నాకు బస్సు ప్రయాణమంతా చాలేంత రాసేవాడివి. గాలి ఎటునుంచి వచ్చిందో, పళ్ళ డాక్టరు ముఖం ఎలా పెట్టాడో, అన్నీ ఉండేవి. నాలుగు ముక్కలు రాశావు. అమ్మ దగ్గర కూడా నువ్వు అబద్ధమైతే రెండు మాటల్లో తేల్చేసి బయటికి పరుగెత్తేవాడివి. ఇస్త్రీ గదిలో నించుని చదివాను, అర్థమయింది. మడతలావిడ స్టూలు వేసి కూర్చోబెట్టింది. గది లేదు. ఇంటికి పోయాను. గది లేనప్పుడు ఇంకెక్కడికి పోతాను అనుకున్నాను.

ఇవాళ నా పనికి ఆఖరిరోజు. పొద్దున్న లేచి ఎందుకో సంచీ సర్దాను. నాలుగు జతల బట్టలు, అమ్మ ఫోటో, నీ ఉత్తరాలు. ఎక్కడికని నన్ను నేను అడగలేదు. గుమ్మం దగ్గర అతను చూశాడు. సంచీ పట్టుకుని లాగాడు. నేను ఎప్పటిలా ఇటు లాగాను. నేను లాగినకొద్దీ అతను లాగుతున్నాడు, పళ్ళు బిగించి, కట్టు విప్పిన నా మణికట్టు నొక్కుతూ. ఇన్నేళ్ళూ అలాగే జరిగింది. ఏ వస్తువైనా, ఏ మాటైనా, నేను పట్టుకోవడం, అతను లాగడం, చివరికి నేను కిందపడటం.

అప్పుడు నువ్వు రాసింది గుర్తొచ్చింది. వెనక చెయ్యి. ఆరేసిన గుడ్డలా ఊరుకుంటుంది అన్నావు.

వదిలేశాను.

అతను సంచీతో సహా వెనక్కి పోయి చెప్పుల స్టాండు మీద కూలబడ్డాడు. ముఖం ఎలా పెట్టాడో నువ్వు చూడాల్సింది. దెబ్బేం తగల్లేదు, కానీ లేవడానికి కొంచెంసేపు పట్టింది. ఆ కొంచెంసేపట్లో నేను గుమ్మం దాటి, వీధి దాటి, మలుపు తిరిగాను. పరుగెత్తలేదు. వెనక్కి చూడలేదు. మడతలావిడ ఇంటికి పోయి టికెట్టు కొనిపించుకున్నాను. నా భుజం మీదున్న శాలువా కూడా ఆవిడదే.

అమ్మ ఫోటో పోయింది. దానికి మాత్రం ఏడ్చాను. నీ ఉత్తరాలూ పోయాయి, చివరిది తప్ప. అది రవికలో దాచుకున్నాను కనక మిగిలింది. అబద్ధమే, అయినా ఉంచుకుంటాను.

నీకు రాని విద్య నాకు వచ్చింది, అదీ ఇంట్లో, పొడి నేల మీద. అందుకని ఏడవకు. గది లేదని నాకు తెలుసు, తెలిసే వస్తున్నాను. ఎవరూ కొనని ఆ లాంచీకి పైకప్పు ఉంది కదా. దాని తలుపుకి ఆ ఇనప గడియ విప్పి బిగించు. కొత్త మాస్టారుకి పాత తాడు చాలు. తర్వాత సంగతి తర్వాత చూద్దాం. భయం పోలేదు. కానీ నేను తిరిగి వెళ్ళను. నువ్వు కూడా ఎవరికీ ఫోన్ చెయ్యకు.

చదవడం అయిందా? ఇక తలెత్తు. ఎదురుగానే నించున్నాను, నా చేతుల్లో ఏమీ లేదు.

అక్క